పార్వతీపురంలో దిగని మావుసికి దండం

నిన్న రాత్రి ఒడిశాలోని రాయగడ చేరాం. 23 రోజుల తర్వాత మా ఆవిడ తన చేత్తో అన్నం కలుపుకుని తింది. నాకు మాత్రం నిద్ర పట్టడం లేదు.

ఆమెకు మయస్థీనియా గ్రేవిస్. నరం పంపే కబురు కండరానికి చేరకుండా సొంత రోగనిరోధక శక్తే అడ్డుపడే జబ్బు. పొద్దున పిరిడోస్టిగ్మిన్ మాత్ర వేసుకుంటే బాగానే ఉంటుంది. సాయంత్రానికి రెప్పలు వాలిపోతాయి, నాలుగు ముద్దలకే దవడ అలిసిపోతుంది. జ్వరమని వెళితే ఒకచోట జెంటామైసిన్ ఇంజెక్షన్ చేశారు. ఈ జబ్బున్నవాళ్ళకు అది ప్రమాదం. చీటీ చూపించాను, చూడలేదు. మర్నాటికి గుటక పడలేదు, మెడ నిలవలేదు. అంబులెన్సు రాష్ట్రం దాటదన్నారు. విశాఖ రైలెక్కించాను.

ఎదురుగా ఒక ఒడియా పెద్దావిడ. మావుసి, అంటే పిన్ని, అనే పిలుస్తాం మా వైపు. నేను పడుకోబెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టింది. లాలాజలం గొంతుకు అడ్డుతోందని నాకంటే ముందు ఆమెకే తెలిసింది. మా ఆవిడను భుజానికి ఆనించుకుని, అరచేత్తో గడ్డం ఎత్తిపట్టి, కొంగుతో నోరు తుడుస్తూ కూర్చుంది. ‘ఝియ, ఝియ’ అని పలకరిస్తూనే ఉంది. కూతురా అని. పార్వతీపురం వచ్చింది, ఆమె దిగవలసిన ఊరు. కొడుకు కాబోలు, పైకొచ్చాడు. బుట్ట వాడికిచ్చి పంపేసి, మళ్ళీ గడ్డం కింద చెయ్యి పెట్టింది. విశాఖలో స్ట్రెచర్ వచ్చాకే తీసింది. ఆ వేళ్ళు ముడవడానికి రాలేదు. అప్పుడు ఏడ్చాను, అంతవరకూ ఏడవలేదు. పేరడగడం మరిచాను.

తొమ్మిది రోజులు వెంటిలేటరు. ఐదు రోజులు ఇమ్యునోగ్లోబులిన్ అనే యాంటీబాడీల మందు: కిలో బరువుకు 2 గ్రాముల లెక్కన, 50 కిలోల మనిషికి 5 గ్రాముల సీసాలు 20. మా ఒడిశా ఆరోగ్య కార్డు అక్కడ చెల్లదన్నారు. ఒడిశాలో పుట్టిన తెలుగువాడికి జబ్బు చేస్తే ఏ కిటికీ ముందు నిలబడాలో?

అమ్మ, బావమరిది, పెద్దమ్మాయి చేయవలసిందంతా చేశారు, వాళ్ళకు వేరే చెప్పేదేముంది.

మరిచాను, ఇంకొందరికీ దండం పెట్టాలి: జనరల్ టికెట్లతో స్లీపర్లో కూర్చున్నా ఒక్క మాటనని టికెట్ కలెక్టరుగారు. ఆవుకు మేత వేసిన పక్కింటివాళ్ళు. జీతం ముందే ఇచ్చిన మా షాపు యజమాని. ఆ సీసాల్లోని మందు వేలమంది ప్లాస్మా కలిపి తీస్తారట, వాళ్ళెవరో వాళ్ళకీ. ఇంకా రాత్రి డ్యూటీ నర్సమ్మ. నోట్లో గొట్టం ఉన్నన్నాళ్ళూ మా ఆవిడ మాట్లాడలేకపోతోందని తన పిల్లవాడి పలక తెచ్చిచ్చింది. దాని మీద మా ఆవిడ మొదట రాసింది ‘మావుసి దిగిందా’ అని. పలక పొరపాటున మా సంచిలో వచ్చేసింది నర్సమ్మా, పంపిస్తాం.