శిక్షణకు వచ్చిన విద్యార్థినులను డిస్పాచ్ పనికే పరిమితం చేయడంపై ఫిర్యాదు

గాజువాక, విశాఖపట్నం
15-09-2024

మానవ వనరుల విభాగం మేనేజరు గారికి, ప్లాంట్ హెడ్ గారికి,

విషయం: పాలిటెక్నిక్ విద్యార్థుల ఆరు నెలల పారిశ్రామిక శిక్షణ – అంగీకార పత్రంలో రాసిన పని నేర్పకపోవడం, లాగ్‌బుక్‌లో జరగని పనిని రాయించడం గురించి.

అయ్యా,

మా అమ్మాయి ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా మూడో సంవత్సరం చదువుతోంది. కోర్సులో భాగమైన ఆరు నెలల పారిశ్రామిక శిక్షణ కోసం ఈ ఏడాది జూన్ 3న మీ కర్మాగారంలో చేరింది. నిన్నటితో పదిహేను వారాలు పూర్తయ్యాయి. ఈ పదిహేను వారాల్లో ఆమె ఒక్క జాబ్‌ను (చెక్కవలసిన లోహపు ముక్కను) చక్‌లో (దాన్ని పట్టి తిప్పే బిగింపులో) బిగించలేదు, ఒక్క డ్రాయింగ్ ముందు పెట్టుకుని కొలతలు సరిచూడలేదు, కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మెషిన్ కంట్రోల్ ప్యానెల్ మీద ఒక్క బటన్ కూడా నొక్కలేదు. పూర్తయిన విడిభాగాలను లెక్కపెట్టి కవర్లలో వేయడం, అట్టపెట్టెల్లో సర్ది టేపు వేయడం, పెట్టెల మీద లేబుళ్లు అంటించడం, ఈ డిస్పాచ్ పనే ఉదయం ఎనిమిదిన్నర నుంచి సాయంత్రం ఐదున్నర వరకు ఆమె చేస్తున్న పని. ఏప్రిల్ వరకు ఈ పనిని ఇద్దరు కాంట్రాక్టు కార్మికులు చేసేవారు.

స్టైపెండ్ కోసం నేను ఈ లేఖ రాయడం లేదు. ఇది కోర్సులోని శిక్షణే తప్ప 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం కింద జరిగే అప్రెంటిస్‌షిప్ కాదని నాకు తెలుసు. బస్సు ఛార్జీలు, మధ్యాహ్నం క్యారేజీ మేమే చూసుకుంటున్నాం, ఇక ముందూ చూసుకుంటాం. కళాశాలకు మీరు ఇచ్చిన అంగీకార పత్రంలో సీఎన్‌సీ టర్నింగ్ (జాబ్‌ను తిప్పుతూ చెక్కడం), వీఎంసీ (టూల్ నిలువుగా తిరుగుతూ చెక్కే సీఎన్‌సీ మెషిన్), నాణ్యతా తనిఖీ విభాగాల్లో వంతులవారీగా శిక్షణ ఇస్తామని రాశారు. ఆ కాగితం చూసే మా అమ్మాయి ఇంటికి దగ్గరలో ఉన్న మరో యూనిట్‌ను వదులుకుని మీ సంస్థను ఎంచుకుంది. ఆ మాట ఎందుకు నిలబెట్టుకోలేదన్నదే నా ప్రశ్న.

నేను ఎవరినో చెప్పుకోవడం అవసరమనుకుంటున్నాను. కంచరపాలెం ఐటీఐలో టర్నర్ ట్రేడ్ చదివి, ఏడాది అప్రెంటిస్‌గా చేసి, 1989 నుంచి లేత్ (లోహాన్ని తిప్పుతూ చెక్కే యంత్రం) మీదే బతుకుతున్నాను. ఇప్పుడు ఆటోనగర్‌లో ఒక వర్క్‌షాపులో పనిచేస్తున్నాను. అందువల్ల యంత్రాల దగ్గర కొత్తవాళ్లను నిలబెట్టడంలో ఉండే ఇబ్బంది ఏమిటో మీరు నాకు ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. అప్రెంటిస్‌గా చేరిన కొత్తలో మా మేస్త్రి నన్ను టూల్‌ను జాబ్ వైపు జరిపే క్రాస్ స్లైడ్ హ్యాండిల్ పట్టుకోమని, నా చేతి మీద తన చెయ్యి వేసి, టూల్ జాబ్‌కు తగిలే ఆ క్షణం ఎలా ఉంటుందో వేళ్లకు తెలిసేలా చేశారు. అలా ఎన్నిసార్లు చేశారో లెక్క లేదు. ఒక రోజు చెయ్యి తీసేశారు, తీసేసిన సంగతి నేను కొంతసేపటి వరకు గమనించలేదు. పని చేతికి రావడమంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది, అది తరగతి గదిలో బల్ల ముందు కూర్చున్నవారికి ఎంత తెలివి ఉన్నా దొరకదు. అందుకే కదా మూడేళ్ల కోర్సులో ఒక సెమిస్టర్ మొత్తాన్ని కర్మాగారానికి కేటాయించారు.

గత నెలలో ఒక ఆదివారం నా పాత మైక్రోమీటర్‌ను, సున్నా నుంచి ఇరవై ఐదు మిల్లీమీటర్ల వరకు కొలిచేది, మా అమ్మాయి చేతికిచ్చి, ఇంట్లో ఉన్న ఒక పిన్ను వ్యాసం చూడమన్నాను. లీస్ట్ కౌంట్, అంటే అది చూపగల అతి చిన్న కొలత, 0.01 మిల్లీమీటరు అని అడగకుండానే చెప్పింది. స్లీవ్ (కదలని గొట్టం) మీద గీతలు ఎలా చదవాలో, జీరో ఎర్రర్ (పూర్తిగా మూసినప్పుడు సున్నా చూపకపోతే ఆ తేడా) ఎలా కలపాలో, తీసేయాలో తప్పు లేకుండా వివరించింది. కానీ కొలవడానికి వచ్చేసరికి చివర ఉన్న రాట్చెట్‌ను తిప్పకుండా తిరిగే గొట్టమైన థింబుల్‌నే పట్టుకుని బిగించింది. రాట్చెట్ ఎందుకుందంటే ప్రతిసారీ ఒకే ఒత్తిడి పడడానికి. థింబుల్ పట్టి బిగిస్తే ఒక్కొక్కరి చేతికి ఒక్కో కొలత వస్తుంది. అది ఆమె పుస్తకంలో చదివిందే. కళాశాల ప్రయోగశాలలో ఇరవై మందికి పైగా విద్యార్థులు రెండు మూడు మైక్రోమీటర్లతో సర్దుకోవలసి వచ్చినప్పుడు ఒక్కొక్కరి వంతుకు వచ్చేది కొద్ది నిమిషాలే. మీ నాణ్యతా తనిఖీ బల్ల దగ్గర ఒక్క వారం కూర్చుని రోజుకు వంద పీసులు కొలిచి ఉంటే ఆమె వేళ్లు రాట్చెట్‌ను వాటంతటవే వెతుక్కునేవి. ఆ బల్ల డిస్పాచ్ గదికి ముప్పై అడుగుల దూరంలో ఉంది. ఆమె రోజూ దాని పక్క నుంచే నడిచి వెళ్తోంది.

జులై 29న నేను మీ కార్యాలయానికి ఫోన్ చేశాను. ఆర్డర్లు ఎక్కువగా ఉన్నాయని, వచ్చే వారం నుంచి మారుస్తామని చెప్పారు. మారలేదు. ఆగస్టు 20న సగం రోజు సెలవు పెట్టి స్వయంగా వచ్చి మిమ్మల్ని కలిశాను. ఆనాడు మీరు చెప్పిన కారణాలు రెండు. వాటికి ఇక్కడ రాతపూర్వకంగా నా సమాధానం చెబుతున్నాను.

మొదటిది, లక్షల ఖరీదు చేసే యంత్రాన్ని ట్రైనీ చేతికి ఎలా ఇస్తామన్నారు. ఇవ్వమని నేను అడగలేదు. టూల్ స్థానాన్ని సరిచేసే ఆఫ్‌సెట్‌లో ఒక్క అంకె తప్పు కొడితే టూళ్లను పట్టి ఉంచే టరెట్ వెళ్లి చక్‌ను గుద్దుకుంటుందని, చక్‌ను తిప్పే స్పిండిల్ దెబ్బతింటే ఎంత నష్టమో, ఎన్ని రోజులు మెషిన్ ఆగిపోతుందో నాకు తెలుసు. ఉత్పత్తి నడిపించే పనిని కొత్తవారికి అప్పగించకపోవడం సరైనదే. కానీ ఆపరేటర్ పక్కన నిలబడి, ఇన్సర్ట్ (టూల్ కోత మొన) మార్చిన తర్వాత మొదటి పీసు కొలిచి, ఎన్ని మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతులు) తేడా వచ్చిందో చూసి, ఆఫ్‌సెట్‌లో ఎంత మార్చాలో లెక్కకట్టి ఆపరేటర్‌కు చెప్పడానికి యంత్రాన్ని ట్రైనీ చేతికి ఇవ్వనక్కరలేదు. షిఫ్టు మారే సమయంలో, జాబ్ లేకుండా, సింగిల్ బ్లాక్‌లో (ఒక్కో వరుసకు ఆగేలా) పెట్టి, ఫీడ్ (టూల్ కదిలే వేగం) బాగా తగ్గించి, ప్రోగ్రాం ఒక్కొక్క వరుస ఎలా కదులుతుందో డ్రై రన్‌లో చూపిస్తే పట్టేది పావుగంట. బర్ (అంచున మిగిలే పదునైన లోహపు పెచ్చు) తీయడం, ఇన్సర్ట్‌ల అరుగుదల గమనించి రాసుకోవడం, ఫిక్స్‌చర్ (జాబ్‌ను పట్టి ఉంచే అమరిక) శుభ్రం చేసి జాబ్ సరిగా కూర్చుందో లేదో చూడటం కూడా శిక్షణే, వీటిలో ఏ ఒక్కటీ మీ యంత్రానికి ముప్పు తెచ్చేది కాదు.

రెండో కారణం రాయడానికే నాకు బాధగా ఉంది. మీ దగ్గర చేరిన ఏడుగురు ట్రైనీల్లో నలుగురు అబ్బాయిలను నాలుగో వారం నుంచి షాప్ ఫ్లోర్ మీదికి పంపారు. ముగ్గురు అమ్మాయిలు డిస్పాచ్‌లోనే ఉండిపోయారు. అడిగితే, జుట్టు, చున్నీ యంత్రంలో చిక్కుకునే ప్రమాదం ఉందని, వాళ్ల మంచి కోసమే దూరంగా ఉంచామని అన్నారు. తిరిగే యంత్రం దగ్గర వదులుగా ఉన్నది ఏదైనా ప్రమాదమే. అది చున్నీ అయినా, చొక్కా చేతులైనా, మెడలో గొలుసైనా, చేతికి కట్టుకున్న తాడైనా ఒకటే. అందుకే లేత్ దగ్గర చేతి తొడుగులు కూడా వేసుకోనివ్వరు. జుట్టు ముడివేసి టోపీలో పెట్టుకోవాలి, బిగుతుగా ఉండే వర్క్ కోటు, సేఫ్టీ బూట్లు, కళ్లద్దాలు వేసుకోవాలి, ఈ నియమం మగవారికైనా ఆడవారికైనా ఒక్కటే. మా అమ్మాయి మొదటి రోజునే తన డబ్బుతో కొనుక్కున్న బూట్లు, ఖాకీ కోటు వేసుకుని వచ్చింది. కళాశాల వర్క్‌షాపులో రెండేళ్లు ఆ కోటుతోనే లేత్ మీద పనిచేసింది, ఫైలింగ్, ఫిట్టింగ్, వెల్డింగ్ చేసింది. మీ దగ్గరికి వచ్చాకే అది అట్టపెట్టెల దుమ్ముకు పనికొస్తోంది. భద్రత పేరు చెప్పి పని నేర్పకుండా ఉంచితే, రేపు ఇంకో కర్మాగారంలో యంత్రం ముందు మొదటిసారి నిలబడవలసి వచ్చినప్పుడు ఆమెకు ఉండవలసిన జాగ్రత్త ఎక్కడి నుంచి వస్తుంది?

ఇవన్నీ ఒక ఎత్తు, లాగ్‌బుక్ విషయం ఒక్కటీ ఒక ఎత్తు. ట్రైనీ ప్రతిరోజూ తాను చేసిన పని రాయాలి, మీ సూపర్‌వైజర్ సంతకం చేయాలి. మా అమ్మాయి మొదటి వారం "విడిభాగాల ప్యాకింగ్, లేబులింగ్" అని ఉన్నది ఉన్నట్టు రాసింది. మీ సూపర్‌వైజర్ సంతకం చేయకుండా తిరిగిచ్చి, మిగతావాళ్లు రాసినట్టు రాయమన్నారు. ఆ తర్వాత జులైలో వరుసగా పదకొండు రోజులు ఒకే వాక్యం ఉంది: "సీఎన్‌సీ టర్నింగ్ ప్రక్రియను పరిశీలించాను." పదకొండు రోజులూ ఒకే సిరా, ఒకే సంతకం, సంతకం కింద తేదీలు కూడా ఒకేసారి వేసినట్టు ఒకే వాలులో ఉన్నాయి. ఆ పేజీలు నేను తిప్పుతుంటే మా అమ్మాయి తల దించుకుని కూర్చుంది. చదువు ముగించి ఉద్యోగంలో అడుగుపెట్టబోతున్న పిల్ల, పని గురించి రాసే మొట్టమొదటి రికార్డులోనే జరగనిది జరిగినట్టు రాయడం నేర్చుకుంటోంది. తనిఖీ నివేదికలో రాసిన కొలత నిజమని నమ్మే కదా మీ వినియోగదారులు మీ దగ్గర విడిభాగాలు కొంటున్నారు. ఆ నివేదికలు రేపు రాయవలసినది ఇలాంటి పిల్లలే.

ఆగస్టు చివర్లో కళాశాల నుంచి అధ్యాపకులు మొదటి మూల్యాంకనానికి వచ్చారు. ఆ రోజు ఉదయం తొమ్మిదిన్నరకు ముగ్గురు అమ్మాయిలకూ హెల్మెట్లు ఇచ్చి షాప్ ఫ్లోర్ మీదికి తీసుకెళ్లి ఒక మెషిన్ పక్కన నిలబెట్టారు. అధ్యాపకులు వెళ్లిపోయాక హెల్మెట్లు వెనక్కి తీసుకుని డిస్పాచ్‌కు పంపించారు. 120 మార్కుల ఆ మూల్యాంకనంలో మా అమ్మాయికి మంచి మార్కులే వేశారు. ఆ మార్కులు చూసి మేము సంతోషించలేకపోయాం. వచ్చే నెలలో మరో 120 మార్కుల రెండో మూల్యాంకనం ఉంది. ఆ రెండింటిలోనూ మీ సంస్థ ప్రతినిధి మాటకు విలువ ఉంటుంది కనుకనే పిల్లలు నోరు విప్పడం లేదు. 90 శాతం హాజరు లేకపోతే శిక్షణే చెల్లదు కనుక ఒక్కరోజు మానడానికీ భయపడుతున్నారు. శిక్షణ ముగిసి కళాశాలకు తిరిగి వెళ్లాక, నేర్చుకున్న ఒక నైపుణ్యాన్ని పరీక్షకుల ముందు చేసి చూపించాలి, దానికి 30 మార్కులు. ఆ రోజు మా అమ్మాయి ఏమి చేసి చూపించాలో మీరే చెప్పండి.

ఈ లేఖ రాయమని ఆమె నన్ను అడగలేదు. రాసిన తర్వాత మొత్తం చదివి వినిపించాను. కొంతసేపు మౌనంగా ఉండి, పంపమని చెప్పింది. ఒక వాక్యం మాత్రం చేర్చమంది: డిస్పాచ్‌లో పనిచేసే అక్కలు తనను బాగా చూసుకున్నారని, ఏ పెట్టెలో ఏ భాగం ఎలా సర్దితే దారిలో గీతలు పడవో వాళ్లే నేర్పారని, ఆ రెండు వారాల పాఠం తనకు పనికొచ్చేదేనని. నేనూ ఒప్పుకుంటాను. రెండు వారాల పాఠం పదిహేను వారాలు సాగడమే మా ఫిర్యాదు.

శిక్షణలో ఇంకా కొన్ని వారాలు మిగిలి ఉన్నాయి. అవి వృథా కాకుండా, సెప్టెంబరు 23 సోమవారం నుంచి ముగ్గురు విద్యార్థినులను మొదట రెండు వారాలు నాణ్యతా తనిఖీ బల్ల దగ్గర, తర్వాత సీఎన్‌సీ టర్నింగ్‌లో, ఆపై వీఎంసీలో ఒక్కొక్క అనుభవజ్ఞుడైన ఆపరేటర్‌కు జతచేసి ఉంచాలని, ఎవరు ఎక్కడ ఎన్ని రోజులు ఉంటారో పట్టిక వేసి కళాశాలకు పంపాలని కోరుతున్నాను. ఇప్పటివరకు రాయించిన లాగ్‌బుక్ పేజీలను చింపకుండా, కొట్టివేయకుండా, వాటి పక్కనే అసలు చేసిన పని రాసి సూపర్‌వైజర్ చేత సంతకం చేయించండి. ఇక మీదట ప్యాకింగ్ చేసిన రోజు ప్యాకింగ్ అనే రాయనివ్వండి. ఫిర్యాదు చేశారన్న కారణంతో రెండో మూల్యాంకనంలో ఏ ఒక్కరికీ అన్యాయం జరగదని రాతపూర్వకంగా హామీ ఇవ్వండి. ఈ లేఖ అందిన వారం రోజుల్లోగా మీ సమాధానం కోసం ఎదురుచూస్తాను. ఆలోగా రాకపోతే, మిగిలిన వారాలకు వేరే సంస్థలో శిక్షణ ఏర్పాటు చేయమని కళాశాల ప్రిన్సిపాల్ గారిని, సాంకేతిక విద్యాశాఖ అధికారులను లిఖితపూర్వకంగా కోరతాను.

మీకు సమ్మతమైతే ఏదైనా ఒక ఆదివారం నేను వచ్చి, ఈ ముగ్గురికీ మైక్రోమీటర్, బోర్ గేజ్, డయల్ ఇండికేటర్ వంటి కొలత పరికరాలు పట్టుకోవడం మీ బల్ల దగ్గరే నేర్పడానికి సిద్ధంగా ఉన్నాను. నా పరికరాలు నేనే తెచ్చుకుంటాను.

ఇట్లు,
భవదీయుడు,
మెకానికల్ డిప్లొమా మూడో సంవత్సరం ట్రైనీ తండ్రి
టర్నర్, ఆటోనగర్, గాజువాక

జతపరచినవి: మీ అంగీకార పత్రం నకలు, లాగ్‌బుక్‌లోని పదకొండు పేజీల నకళ్లు.
ప్రతి: పాలిటెక్నిక్ ప్రిన్సిపాల్ గారికి.