హోం మంత్రి గారికి బహిరంగ లేఖ: నేనడిగింది నడుముకు పట్టేది, చూపిస్తున్నది భుజానికి వేలాడేది

గౌరవనీయులైన రాష్ట్ర హోం మంత్రి గారికి,

తిరుపతి నుంచి ఒక చిన్న నగల వ్యాపారి నమస్కరించి రాసుకునేది. ఆయుధ లైసెన్సుల సంగతి మీకు నేను వివరించనక్కర్లేదు. లైసెన్సుకు దరఖాస్తు పెట్టే ఎ-1 ఫారం అంటే ఏమిటో, అది ఏ బల్ల మీద నుంచి ఏ బల్ల మీదికి పోతుందో మీ శాఖకే బాగా తెలుసు. ఏ బల్ల దగ్గర పడుకుంటుందో కూడా తెలిసే ఉంటుంది. నాకు తెలియనిది అదొక్కటే. అర్జీలు ఇచ్చి ఇచ్చి విసుగు పుట్టింది కాబట్టి ఇలా నలుగురూ చదివేలా రాస్తున్నాను. తప్పుగా అనుకోవద్దు.

నాది అద్దాల షోరూం కాదు. ఆచారుల దగ్గర నగలు చేయించి పుత్తూరు, పాకాల, చిత్తూరు, పలమనేరు వైపు చిన్న అంగళ్ళకు వేస్తాను. సరుకు నా చేతి సంచిలోనే తిరుగుతుంది. 2021 జూన్‌లో హాల్‌మార్క్ తప్పనిసరి అయ్యాక ఆ తిరుగుడు ఇంకా ఎక్కువైంది. చేయించిన ప్రతి వస్తువూ సెంటర్‌కు పోవాలి, ముద్ర పడాలి, తిరిగి రావాలి. మంచి నిబంధనే, కొనేవాళ్ళకు మేలు. కానీ దాంతో మా సంచికి రోడ్డు మీద పని పెరిగింది. 2025 ఏప్రిల్‌లో పది గ్రాముల మేలిమి బంగారం లక్ష దాటింది. ఒకప్పుడు ధైర్యంగా పట్టుకెళ్ళిన బరువే, ఇప్పుడు దాని విలువ తలుచుకుంటే బస్సులో కునుకు పట్టదు. బీమా చేయించుకోమని సలహా ఇచ్చేవాళ్ళు ఉన్నారు. చేయించాను. ఆ బీమా సంచికి, సంచి పట్టుకున్నవాడికి కాదు.

ధర అంత దూరం పోకముందే, ఆ తిరుగుడు చూసే, ఒక చిన్న .32 బోరు (బోరు అంటే గొట్టం లోపలి కొలత) రివాల్వర్‌కు లైసెన్సు అడిగాను. నా కష్టమంతా ఆ 'చిన్న' దగ్గరే ఉంది, కొంచెం ఓపిగ్గా చదవండి.

ఆఫీసులో ఫారం తీసుకున్నాయన పైనుంచి కిందిదాకా చూసి, "రివాల్వర్ ఏమిటికి సామీ నీకు? నా మాట విని పన్నెండు బోరు రాయి, తొందరగా అయిపోతుంది" అన్నాడు. పన్నెండు బోరు అంటే భుజాన వేసుకునే పొడుగు తుపాకీ. ఆయన్ని నేను తప్పుపట్టను. చట్టం చదివినవాడే అయ్యుంటాడు. 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్‌లోనే ఉంది కదా, 20 అంగుళాలకు తగ్గని, లోపల గాళ్ళు లేని నున్నని గొట్టం ఉన్న ఆ రకం తుపాకీని రక్షణ కోసం అడిగితే ఒక దారి, మిగతా వాటికి 'తగిన కారణం' చూపించాల్సిన ఇంకో దారి. మొదటి దారి వెడల్పు, రెండోది ఇరుకు. ఆయన నన్ను వెడల్పు దారిలో పొమ్మన్నాడు, అంతే.

పోయేవాణ్ణే. కానీ ఆ తుపాకీ పెట్టుకుని నేను ఎక్కడికి పోవాలి? తోట కాపలా కాసే రైతుకు అది పనికొస్తుంది. బంగళా ముందు కుర్చీ వేసుకుని కూర్చునే కాపలాదారుకు పనికొస్తుంది. నేను పొద్దున్నే స్కూటర్ మీద బస్టాండుకు పోయి, చిత్తూరు బస్సులో ముగ్గురు కూర్చునే సీటులో మధ్యలో ఇరుక్కుని కూర్చునేవాణ్ణి. భుజాన డబుల్ బ్యారెల్ వేలాడేసుకుని బస్సెక్కితే కండక్టర్ టికెట్ కొడతాడా, స్టేషన్‌కు ఫోన్ కొడతాడా? సంచిలో బంగారం ఉందని ఎవరికీ తెలియకూడదనే కదా పాత గుడ్డ సంచి వాడేది. దాని పక్కన మూడడుగుల తుపాకీ పెట్టుకుంటే ఊరంతా చాటింపు వేసుకున్నట్టే.

మీ శాఖ అమలు చేయాల్సిన నిబంధనలు కూడా నా వైపే ఉన్నాయి. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం జనం తిరిగే చోట చేతి తుపాకీని హోల్‌స్టర్‌లోనో సంచిలోనో పెట్టుకోవాలి, పూర్తిగా కప్పి ఉండాలి, మోసేవాడి అదుపులో ఉండాలి. పూర్తిగా కప్పి ఉండాలని రాసిన తర్వాత కప్పడానికి వీలైన సైజు అడిగినవాణ్ణి అనుమానంగా చూడటం ఏమి న్యాయమో నాకు అర్థం కాలేదు. "చిన్నది అడుగుతున్నాడంటే ఏదో ఉంది" అని ఒక ఉద్యోగి పక్కాయనతో అనడం నా చెవిన పడింది. ఏముంటుంది సార్, నడుము ఉంది.

ఏది కొనాలో కూడా నేను ఊరికే అనుకోలేదు. 9 ఎంఎం, .38 నిషేధిత బోర్లు, వాటి పేరెత్తే పని లేదు. మాలాంటివాళ్ళకు దొరికేది .32, కాదంటే .22. కాన్పూర్ స్మాల్ ఆర్మ్స్ ఫ్యాక్టరీ పాత .32 రివాల్వర్ గట్టిదే కానీ బరువు. అదే ఊళ్ళోని ఫీల్డ్ గన్ ఫ్యాక్టరీ 2014లో 'నిర్భీక్' అని టైటానియం మిశ్రమలోహంతో ఒకటి తెచ్చింది. బరువు 500 గ్రాములు, మా లెక్కలో అరవై రెండున్నర సవర్లు. అప్పుడే దాని ధర లక్షా ఇరవై వేలు దాటింది. బెంగాల్‌లోని ఇచ్ఛాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీది 'నిడర్' ఇంకా చిన్నది, 250 గ్రాములే, .22 బోరు, వచ్చినప్పుడు ధర 35 వేలు. డబ్బు మాట చూస్తే నాకు అదే నయం. కానీ .22 గుండు బలం తక్కువ, పైగా ఆ తరహా తూటా మిస్‌ఫైర్ అయ్యే అవకాశం .32 కంటే ఎక్కువ. రక్షణ కోసమని కొనేదానికి నేను ఆ రాజీ పడలేను. పిస్టల్ ఎందుకు వద్దంటే, దానికి మ్యాగజైన్, స్లైడ్ అని నాలుగు సంగతులు చూసుకోవాలి. రివాల్వర్‌లో ఒక తూటా పేలకపోతే మళ్ళీ ట్రిగ్గర్ నొక్కితే తర్వాతది వస్తుంది. గాబరాలో ఉన్న మనిషికి అంతకంటే ఎక్కువ తెలివి ఉండదు.

బరువు సంగతి నవ్వులాటకు రాయలేదు. మా అంగట్లో తూకపురాళ్ళు ఉంటాయి. ఒకరోజు 700 గ్రాముల రాళ్ళు గట్టి గుడ్డలో చుట్టి నడుముకు బెల్టు లోపల పెట్టుకుని పాకాల దాకా పోయొచ్చాను. స్కూటర్ మీద గతుకు వచ్చినప్పుడల్లా ప్యాంటు ఒక పక్కకు జారింది. బస్సులో చెయ్యెత్తి కడ్డీ పట్టుకోగానే చొక్కా కింద ఉబ్బెత్తుగా కనిపించింది. పక్కసీటు పెద్దాయన "ఆపరేషన్ ఏమైనా అయిందా నాయనా" అని అడిగాడు కూడా. మర్నాడు అర కిలో రాయితో పోతే ఎవరూ అడగలేదు. మన ఎండల్లో చెమటకు ఆ గుడ్డ తడిసి ముద్దయింది, అందుకే తుప్పు పట్టని లోహం కావాలంటున్నాను. ఇంటావిడ మాత్రం, లైసెన్సు వచ్చేదాకా ఆ రాయే పెట్టుకుని తిరుగు, దొంగ వస్తే దాంతోనే కొట్టు అంది. మీ శాఖ వేగం గురించి ఆమె అంచనా నా అంచనా కంటే సరిగ్గా ఉంది.

ఇంత ఆలోచించి పెట్టిన దరఖాస్తుకు విచారణ ఎలా జరిగిందో చెబుతాను. మొదటి ప్రశ్న, "మీ మీద ఎప్పుడైనా దాడి జరిగిందా?" లేదన్నాను. "బెదిరించినట్టు ఎఫ్ఐఆర్ ఏమైనా ఉందా?" లేదన్నాను. "మరి ప్రాణభయం ఉన్నట్టు రుజువేముంది?" అన్నారు. నన్ను ఎవడైనా కొట్టి, సంచి లాక్కుని, ప్రాణంతో వదిలిపెడితే, ఆ ఎఫ్ఐఆర్ కాపీ జతచేసి మళ్ళీ రావాలన్నమాట. కాపాడుకోవడానికి అప్పటికి సంచి ఉండదు. ఆ దొంగకు కొంచెం దయ ఉండి, కాపీ తెచ్చుకునేందుకు కాళ్ళూ చేతులూ మిగిల్చాలి. వ్యాపారం, వృత్తి స్వభావం వల్లనే ప్రాణానికో ఆస్తికో నిజంగా రక్షణ అవసరమైనవాళ్ళ దరఖాస్తులు పరిశీలించవచ్చని అవే 2016 నిబంధనల్లో ఉంది. దాడి జరిగి ఉండాలని అందులో లేదు.

రెండో ప్రశ్న ఆస్తి. ఇల్లు ఎంత, పొలం ఎంత, ఐటీ రిటర్నులు ఎన్నేళ్ళవి? అన్నీ ఇచ్చాను. "ఇంత తక్కువ ఆదాయానికి రివాల్వరా?" అన్న మాట కూడా పడ్డాను. చాలినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో లైసెన్సు నిరాకరించకూడదని ఆ 1959 చట్టం 14వ సెక్షన్ చెబుతోంది. నేను మోసే బంగారం నాది కూడా కాదు సార్, సగం అంగళ్ళవాళ్ళది, కొంత ఆచారుల కూలి. అది పోతే నేను పదేళ్ళు కట్టాలి.

మూడో ప్రశ్న, కొండకు వెళ్తారా అని. తిరుపతిలో ఉండి కొండకు వెళ్ళనివాడు ఉంటాడా? అలిపిరి దగ్గర ఆయుధాలు దాటనివ్వరని పసిపిల్లాడికీ తెలుసు. ఇంట్లో లాకర్‌లో పెట్టి పోతానని రాసిచ్చాను. ఎన్నికలొస్తే అప్పగించమన్న చోట అప్పగిస్తానని అడగకుండానే రాసిచ్చాను.

దరఖాస్తు పెట్టినప్పుడు మాది చిత్తూరు జిల్లా. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా వేరుపడింది. నా ఫైలు ఏ జిల్లాకు వచ్చిందో ఇప్పటికీ తేలలేదు. అక్కడ అడిగితే పంపేశాం అంటారు, ఇక్కడ అడిగితే రాలేదు అంటారు. దొరికిందన్న ఒక రోజు మాత్రం మెడికల్ సర్టిఫికెట్ పాతబడింది, మళ్ళీ తెండి అన్నారు. తెచ్చాను. అదీ పాతబడింది. ఫారం మీద అంటించిన ఫొటోలో నా మీసం నల్లగా ఉంది. ఇప్పుడు నన్నూ దాన్నీ పక్కపక్కన పెడితే విచారణకు వచ్చిన కానిస్టేబులే ఒప్పుకోడు. శిక్షణ సర్టిఫికెట్ కావాలన్నారు, శిక్షణ ఎక్కడిస్తారు సార్ అంటే ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

ఈలోపు దేశం ఆగలేదు. ఈ ఆయుధ ఫ్యాక్టరీలను నడిపిన ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ బోర్డునే రద్దు చేసి 2021 అక్టోబరు 1న ఏడు కంపెనీలుగా విడగొట్టారు. అందులో ఒకటైన అడ్వాన్స్‌డ్ వెపన్స్ కంపెనీ 2023లో 'ప్రబల్' అని 50 మీటర్ల దూరం కొట్టే కొత్త రివాల్వర్ విడుదల చేసింది. రాష్ట్రంలో ప్రభుత్వమే మారింది. నేను కొనాలనుకున్న మోడల్ పాతదైపోయింది, ఫైలు మాత్రం ఇంకా కొత్తగానే ఉంది, ఎవరూ తెరవలేదు కాబట్టి.

పోలీసు రిపోర్టుకు 30 రోజులు, అది అందాక నిర్ణయానికి 60 రోజులు అని నిబంధనల్లో రాసుకున్నారు. ఆ రోజులు ఏ పంచాంగం ప్రకారం లెక్కపెడతారో సెలవిస్తే మేమూ అదే కొనుక్కుంటాం. సోమవారం అర్జీల్లో ఇచ్చాను. కొన్నాళ్ళకు ఫోన్‌కు మెసేజ్ వచ్చింది, మీ సమస్య పరిష్కరించబడింది అని. సంతోషంతో పరుగెత్తాను. పరిష్కారం అంటే అర్జీని సంబంధిత సెక్షన్‌కు పంపడమట. ఏ సెక్షన్ మీద ఫిర్యాదు చేశానో ఆ సెక్షన్‌కే.

అడిగినవాడికల్లా తుపాకీ ఇమ్మని నేను అనడం లేదు. పెళ్ళి ఊరేగింపులో గాల్లోకి కాల్చేవాళ్ళు, హోదా కోసం నడుము చూపించుకు తిరిగేవాళ్ళు ఉన్నారు. అలా కాల్చేవాళ్ళకు రెండేళ్ళ దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ అని 2019లో చట్టం సవరించారు, సంతోషం. నేను చూపించుకోవాలనుకుంటే మీవాళ్ళు చెప్పిన పన్నెండు బోరే తీసుకునేవాణ్ణి. ఎవరి కంటా పడకూడదని అడిగినందుకే నాకీ తిప్పలు. శేషాచలం అంచు పల్లెల్లో నాటు తుపాకులు పట్టుబడ్డాయని పేపర్లో చదివినప్పుడల్లా అనుకుంటాను, వాళ్ళను మెడికల్ సర్టిఫికెట్ ఎవరడిగారని.

నేను కోరేది ఇంతే. ఇస్తారా, ఇవ్వండి. ఇచ్చేటప్పుడు దయచేసి తిరుపతి జిల్లాకే అని కాకుండా కనీసం రాష్ట్రమంతటికీ చెల్లేలా ఇవ్వండి, ఎందుకంటే పాకాల దాటి నాలుగు ఊళ్ళు పోతే జిల్లా మారిపోతుంది, నా బస్సు మారదు. ఇవ్వరా, కాదని ఒక కాగితం మీద కారణం రాసి సంతకం పెట్టి ఇవ్వండి. కారణం రాయాలని కూడా 14వ సెక్షనే చెబుతోంది. ఆ కాగితం ఉంటే 18వ సెక్షన్ కింద అప్పీలు చేసుకుంటాను. ఇప్పుడు అప్పీలు చేద్దామంటే దేని మీద చేయాలి? ఆర్డర్ లేదు. ఇవ్వనూ లేదు, కాదననూ లేదు. ఫైలు ఎక్కడుందో కూడా చెప్పించండి. వీలైతే శిక్షణ ఎక్కడో చెప్పించండి. పన్నెండు బోరు సలహా మాత్రం ఇంకెవరితోనూ చెప్పించవద్దు.

ఈ లేఖ కాపీ స్పీడ్ పోస్టులో కూడా పంపుతున్నాను, రసీదు దాచుకుంటాను. పరిష్కరించబడింది అనే మెసేజ్ ఈసారి పంపించవద్దని మనవి. పంపితే ఏ తేదీన, ఎవరు, ఏం పరిష్కరించారో అందులోనే రాయమనండి.

ఇట్లు,
మీ విధేయుడు,
ఒక నగల వ్యాపారి, తిరుపతి