విడాకులు నేరం కాదు, హింస నేరం

సంపాదకుడికి,

పది రోజుల కిందట మీ క్రీడాపేజీలో ఒక క్రికెటర్ విడాకులనూ అతని వరుస వైఫల్యాలనూ కలిపి ఒకే శీర్షిక కట్టారు. అభిమానులు చేసే తప్పే పత్రిక కూడా చేస్తే ఇంకెవరికి చెప్పుకోవాలి?

2014 ఇంగ్లండ్ పర్యటనలో కోహ్లీ పది టెస్టు ఇన్నింగ్స్‌లో చేసింది 134 పరుగులు. ఆఫ్‌స్టంప్ బయట స్వింగయ్యే బంతిని వెంటాడి, ఒక్క ఇంగ్లండ్ బౌలర్ ఆండర్సన్‌కే నాలుగుసార్లు దొరికిపోయాడు. లోపం బ్యాటింగ్‌లో ఉంటే తిట్లు అప్పటి అతని ప్రేయసి అనుష్కా శర్మకు పడ్డాయి. 2015 ప్రపంచకప్ సెమీస్‌లో ఒక్క పరుగుకే అవుటైనప్పుడూ అదే వరస. 2021లో పాకిస్థాన్ చేతిలో ఓడగానే మన బౌలర్ షమీని మతం పేరుతో దూషించారు. షమీకి అండగా మాట్లాడాడని కోహ్లీని వదల్లేదు, ఏడాది నిండని అతని కూతురిపై అత్యాచారం చేస్తామని రాశారు. ఆటకూ ఆ పసిబిడ్డకూ ఏం సంబంధం?

తప్పు చేసిన ఆటగాణ్ణి శిక్షించడానికి పద్ధతి ఉంది. 2018 మార్చిలో కేప్‌టౌన్‌లో బంతికి సాండ్‌పేపర్ రుద్దిన వ్యవహారంలో అంతర్జాతీయ క్రికెట్ మండలి (ఐసీసీ) ఆస్ట్రేలియా కెప్టెన్ స్మిత్‌ను ఒక్క టెస్టుకే ఆపినా, ఆస్ట్రేలియా బోర్డు స్మిత్, వార్నర్‌లపై 12 నెలలు, బాన్‌క్రాఫ్ట్‌పై 9 నెలలు నిషేధం వేసింది. అదే ఏడాది ఐసీసీ ఇలా బంతిని పాడుచేయడాన్ని (టాంపరింగ్‌ను) రెండో స్థాయి నేరం నుంచి మూడో స్థాయికి మార్చింది. ఇప్పుడు ఆరు టెస్టుల దాకా ఆపవచ్చు. శిక్ష పూర్తిచేసి వచ్చిన స్మిత్‌ను 2019 ప్రపంచకప్‌లో జనం గేలిచేస్తుంటే, చప్పట్లు కొట్టమని సైగ చేసింది ప్రత్యర్థి కెప్టెన్ కోహ్లీయే.

ఇంతగా రెచ్చిపోయే జనమే, ఆటగాడు కొట్టాడని ఒక స్త్రీ ఫిర్యాదు చేస్తే అతని సగటు, స్ట్రైక్‌రేటు చూపించి వెనకేసుకొస్తారు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. ఆ ఫిర్యాదు పోలీసులూ కోర్టులూ తేల్చాల్సిన విషయం. విడాకులు ఆ ఇద్దరి సొంత విషయం.

ఇక బోర్డులు. ఖండిస్తూ ఒక ప్రకటన ఇచ్చి చేతులు దులుపుకుంటాయి. దూషణ కేసు నిలవాలంటే స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు. పోస్టు లింకు, ఖాతా ఐడీ, తేదీ, సమయం అదే రాత్రి నమోదు చేయాలి. పోస్టు తొలగించేశాక, ఖాతా పేరు మార్చేశాక ఆనవాలు పట్టడం కష్టం. ఓడిన రాత్రి ఆ పనికి ఇద్దరు ఉద్యోగులను కూర్చోబెట్టి, ఫిర్యాదు బోర్డే తన పేరుతో ఇవ్వాలి. ఆ భారం ఆటగాడి భార్య మీదో, మేనేజర్ మీదో వదిలేయడం సిగ్గుచేటు.

మీరు మాత్రం ముందు ఆ శీర్షికకు సవరణ వేయండి.

— ఒక పాఠకుడు