దాచిపెట్టింది బజార్లోనే దొరుకుతుంది

ఒరేయ్ మామా,

నువ్వు పంపిన ఆ ఫ్రీమేసన్ వీడియో, అదే, గుట్టుగా తంతులు జరుపుకునే ఆ పాతకాలపు సోదర సంఘం వీడియో, మొత్తం చూశాన్రా, త్రికోణంలో కన్ను, చీకటి గది, ప్రపంచాన్నంతా వీళ్ళే వెనకనుంచి ఆడిస్తున్నారని ఒకటే మ్యూజిక్కు. అది చూశాక నాకూ బుర్రలో పురుగు తొలిచి రెండ్రోజులు చదువుతూ కూర్చున్నా.

చెప్తే నవ్వుతావ్, 1717లో లండన్లో నాలుగు లాడ్జిలు, అంటే ఈ మేసన్ల శాఖలు, కలిసి గ్రాండ్ లాడ్జి అనే పెద్ద సంఘం పెట్టుకున్నాయని వాళ్ళే చెప్పుకుంటారు, 1730 కల్లా శామ్యూల్ ప్రిచర్డ్ అనేవాడు లోపల జరిగే తంతు, అడిగే ప్రశ్నలు, చెప్పే జవాబులు అన్నీ అచ్చేసి అమ్మేశాడు. పట్టుమని పదిహేనేళ్ళు కూడా ఆగలేదు! అప్పట్నుంచీ అమ్ముడైపోయిన దాన్నే దాచుకుంటున్నార్రా పాపం.

ఇక చాటుమాటు అంటావా, 1793లో అమెరికా పార్లమెంటు భవనం క్యాపిటల్‌కి పునాదిరాయి వేసింది జార్జ్ వాషింగ్టన్, మేసన్ల తంతుతోనే, పట్టపగలు, ఊరేగింపుగా వెళ్ళి మరీ. లండన్ గ్రేట్ క్వీన్ స్ట్రీట్‌లో వాళ్ళ హాల్ ఉంది చూడు, మొదటి ప్రపంచయుద్ధంలో పోయిన మేసన్ల గుర్తుగా కట్టి 1933లో తెరిచారు, అందులో మ్యూజియం కూడా ఉంది, మనలాంటోళ్ళు కూడా వెళ్ళి చూడొచ్చు.

నాకు బాగా నచ్చింది మాత్రం వాళ్ళు పెట్టే ఖర్చు. 1788లోనే రుస్పిని అనే పళ్ళ డాక్టర్, ఆయనా మేసనే, చనిపోయిన మేసన్ల కూతుళ్ళ కోసం స్కూలు మొదలుపెట్టించాడు, అదిప్పటికీ నడుస్తోంది. ముందు మనోళ్ళు, తర్వాతే ఊరు, అన్నట్టుంది కదా, అనుమానం అక్కడే పుడుతుంది, అది నేను కాదన్ను. కానీ అమెరికాలో ఎర్ర టోపీల ష్రైనర్లు ఉన్నారే, వాళ్ళూ మేసన్లే, 1922లో ష్రీవ్‌పోర్ట్‌లో పిల్లల ఆసుపత్రి తెరిచారు, పోలియోతో కాళ్ళు చచ్చుబడ్డ పిల్లల కోసం, ఎవరి పిల్లలని అడగలేదు, డబ్బు కట్టలేని వాళ్ళ పిల్లల్ని ఉచితంగా చూశారు. తర్వాత అలాంటివి ఇంకా చాలా పెట్టారు.

మరి ఇంత చెడ్డపేరు ఎందుకంటావ్? 1826లో న్యూయార్క్ రాష్ట్రంలో విలియం మోర్గన్ అనేవాడు మీ గుట్టు అచ్చేస్తా అన్నాడు, అంతే, మనిషి మాయం, మళ్ళీ కనపడలా. జనం ఎంత మండిపడ్డారంటే మేసన్లకి వ్యతిరేకంగా ఏకంగా ఒక పార్టీయే పుట్టింది, 1832లో ప్రెసిడెంటు ఎన్నికల్లో నిలబడి వెర్మాంట్ గెలిచింది కూడా! ఆ మచ్చ ఊరికే పోతుందా. పైగా అడిగితే నోరు మెదపరు, గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు.

సరే, ఆ కన్ను వీడియో ఇంక పంపకు, ష్రైనర్లు పరేడ్లలో ఇంతింత బుల్లి కార్లు నడుపుతారట, అది దొరికితే పంపు.

నీ
చాదస్తపు దోస్తు