ఆ నోటు మార్చావా?

చిట్టితల్లీ,

నీ గొంతు విని మూడు వారాలైంది. నువ్వు నర్సుగా ఇళ్లకు వెళ్లి చూసే పేషెంట్లలో ఎవరిదో విజిట్ నోటు, అంటే ఆ ఇంట్లో చూసిందీ చేసిందీ రాసే నోటు, మార్చి రాయమని మీ సూపర్‌వైజర్ నీ వెంట పడుతోందని మొన్న అక్క నోరు జారింది. నేను అడగకూడదనే అనుకున్నాను. నాన్న కూడా "దాన్ని కదపకు" అన్నారు. సరే, ఆ సంగతి వదిలెయ్యి.

నడుం నొప్పి తగ్గిందా? పేషెంటును పైకి జరిపే ముందు మంచం నీ నడుం ఎత్తుకు లేపుకో. రాత్రి పదింటికి ల్యాప్‌టాప్ తెరిచి నోట్లు రాస్తున్నావట, అది మానెయ్. నాలుగో ఇంటి బీపీ ఆరో ఇంటి చార్టులో పడేది అలాంటప్పుడే. గడప దాటకముందే వైటల్స్ (బీపీ, నాడి, జ్వరం లాంటివి), మందు, మోతాదు, ఇచ్చిన సమయం ఎక్కించు. పాత నోటు కాపీ చేసి తేదీ మార్చే అలవాటు మాత్రం అస్సలు వద్దు.

నీలాగే ఇళ్లకు వెళ్లే నర్సు అయిన చిన్నత్తను ఇరికించింది అలాంటి కాపీయే. ఒక పెద్దాయనకు నడుం కింద పుండు. సోమవారం అత్త కొలిస్తే పొడవు 4, వెడల్పు 3, లోతు 1 సెంటీమీటరు. గురువారం వెళ్లిన నర్సు కొలవకుండా అవే అంకెలు దించేసింది. మళ్లీ సోమవారం అత్త కట్టు విప్పితే 5.5, 4, 1.5. పుండును గడియారం అనుకుంటే మూడు గంటల వైపు చర్మం కింద దూదిపుల్ల 2 సెంటీమీటర్లు లోపలికి దూరింది. అత్త అక్కడి నుంచే డాక్టరుకు ఫోన్ చేసి, చెప్పిన ఆర్డరు తిరిగి చదివి వినిపించి, 11:20 అని సమయంతో సహా రాసింది. మర్నాడు ఆఫీసులో, ఒక్కసారిగా అంత పెరిగినట్టుంటే బాగోదు, నీ అంకెలు కాస్త తగ్గించమన్నారు. అత్త ఒప్పుకోలేదు. ఇంటివాళ్లు ఫిర్యాదు చేశాక చార్టు తెరిస్తే, ఎవరు ఏ నిమిషంలో ఏం రాశారో ఆడిట్ ట్రైల్‌లో అంతా ఉంది. ఆ రోజు అత్త అంకెలు తగ్గించి ఉంటే, దిద్దిన చెయ్యి తనదే అని తేలేది.

అందుకే అడుగుతున్నాను, ఆ నోటు నువ్వు మార్చావా?

సూపర్‌వైజర్ అడిగిన ప్రతిదీ తప్పని కాదమ్మా. నొప్పి స్కోరు రాయడం మరిచిపోయి, అది నీకు స్పష్టంగా గుర్తుంటే లేట్ ఎంట్రీ పెట్టు. రాస్తున్న సమయం వేరుగా, జరిగిన సమయం వేరుగా ఉండాలి. కాగితమైతే తప్పు మీద ఒక్కటే గీత, కింది అక్షరాలు కనబడాలి, పక్కన తేదీ, సమయం, పొడి సంతకం. కంప్యూటరైతే అడెండం, అంటే పాత నోటు అలాగే ఉంచి కింద చేర్చే అదనపు నోటు. అంతకుమించి, చూడనిది చూసినట్టు, వెళ్లని ఇంటికి వెళ్లినట్టు, ముప్పై నిమిషాలు ఉండి అరవై ఉన్నట్టు రాయమంటే అది దిద్దుబాటు కాదు, దొంగ లెక్క. పోయేది నీ లైసెన్సు.

నోటితో అడిగితే అదే రోజు మెయిల్ పెట్టు: ఫలానా సమయానికి మీరు ఇలా అడిగారు, నేను చూసింది ఇది, మార్చలేను, ఏ లైను ఎందుకు తప్పో రాసి పంపండి. అందులో పేషెంటు పేరు వద్దు. కోపంలో చార్టు ఫోటోలు నీ ఫోన్లోకి తీసుకోకు, అప్పుడు గోప్యత పోగొట్టినదానివి నువ్వవుతావు. ఈ గొడవంతా చార్టులో రాయకు, అది పేషెంటు కోసం. జవాబు రాకపోతే ఆమె పైవాళ్లకు, తర్వాత కంప్లయన్స్ వాళ్ల దగ్గరికి, అంటే సంస్థలో రూల్స్ పాటిస్తున్నారో లేదో చూసేవాళ్ల దగ్గరికి వెళ్లు. నీ పాస్‌వర్డు ఎవరికైనా ఇచ్చి ఉంటే ఈ పూటే మార్చెయ్.

చూశావా, మళ్లీ అక్కడికే వచ్చాను. కారు వెనక సీట్లో ఒక జత పొడి సాక్సులు పెట్టుకో, తడి కాళ్లతో తిరగకు. ఆదివారం ఫోన్ చెయ్యి. ఎక్కువ మాట్లాడకపోయినా పరవాలేదు, ఆ నోటు నువ్వు రాసినట్టే ఉందని ఒక్క మాట చెప్పు.

అమ్మ