ఇంగువ డబ్బా మీద 'గోధుమ' అని తెలుగులో రాయించండి: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

ఇది నా నాలుగో ఉత్తరం. మొదటి మూడూ సోమవారం అర్జీల రోజున లైన్లో నిలబడి ఇచ్చాను. మూడింటికీ రసీదులు ఉన్నాయి, జవాబు లేదు. రెండోసారి ఒక అధికారి "బజార్లో ఇంగువ శాంపిళ్లు తీయిస్తాం అమ్మా, పదిహేను రోజుల్లో చెబుతాం" అన్నారు. అది పోయిన శ్రావణ మాసం. మళ్లీ శ్రావణం దగ్గరికొచ్చింది.

నాకున్నది డెర్మటైటిస్ హెర్పెటిఫార్మిస్, అంటే గోధుమలో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ పడక ఒంటి మీద దురద పొక్కులు లేచే జబ్బు. అంతకు మించి మీ శాఖ డాక్టర్లకు నేను చెప్పక్కర్లేదు. కానీ దాని దురద ఎలా ఉంటుందో చెప్పాలి. రాత్రి రెండింటికి లేచి మోచేతుల మీద, మోకాళ్ల మీద తడిగుడ్డ వేసుకుని తెల్లారేదాకా కూర్చుంటాను. పొక్కు లేస్తూనే గోకేస్తాను, డాక్టరు చూసేసరికి పక్కులే మిగులుతాయి. అందుకే మూడేళ్లపాటు గజ్జి అన్నారు. ఇంటిల్లిపాదికీ మెడ నుంచి పాదాల దాకా మందు పూయించారు. మా అత్తగారు నా దుప్పట్లు వేరుగా ఉతికించారు. ఆవిడ తప్పు కాదు, డాక్టరే అలా చెప్పాడు. చివరికి పొక్కు పక్కన చర్మం ముక్క తీసి హైదరాబాద్ పంపితేగానీ జబ్బు పేరు తెలియలేదు.

డాప్సోన్ మాత్ర వేసుకుంటే దురద రెండు మూడు రోజుల్లో ఆగుతుంది. కానీ నా హిమోగ్లోబిన్ 12 నుంచి 9కి పడిపోయింది. డోసు తగ్గించారు, మళ్లీ పొక్కులు లేచాయి. పైగా అది కుష్ఠుకు కూడా ఇచ్చే మందు. షాపులో కుర్రాడు చీటీ చూసి, నా చేతులు చూసి, డబ్బులు బల్ల మీద పెట్టమన్నాడు. నేను బడిలో పిల్లలకు పాఠాలు చెప్పుకునే మనిషిని. ఎండాకాలంలోనూ పొడుగు చేతుల జాకెట్టే వేసుకుంటున్నాను.

ఇక తిండి సంగతి. గోధుమ మానేసి పద్నాలుగు నెలలైంది. చపాతీ, ఉప్మా, సేమియా, బ్రెడ్డు, బొబ్బట్టు, పెళ్లిలో కాజా, ఏదీ ముట్టలేదు. "అన్నం తినేవాళ్లకు కష్టమేముంది" అన్నారు అందరూ. నేనూ అలాగే అనుకున్నాను. చర్మం మానడానికి ఏడాది, రెండేళ్లు పట్టొచ్చని డాక్టరు చెబితే ఓపిక పట్టాను. కానీ తగ్గినట్టే తగ్గి, పండగ వెళ్లిన వారానికి మళ్లీ తిరగబెట్టేది. వరలక్ష్మీ వ్రతం పులిహోర తిన్నాక పది రాత్రులు నిద్ర లేదు.

అప్పుడు చూశాను ఇంగువ డబ్బా. ముడి ఇంగువ ఘాటు భరించలేమని పిండి, జిగురు కలిపి అమ్ముతారు. నా డబ్బాలో కలిపింది గోధుమ పిండి. పులిహోర, పప్పుచారు, కందిపొడి, మాగాయ... మా ఇంట్లో ఇంగువ పడని వంట లేదు. మానేశాననుకున్న గోధుమను రోజూ తాలింపులో నా చేత్తో నేనే వేసుకున్నాను మంత్రి గారూ!

డబ్బా మీద రాసి ఉంది, నిజమే. ఇంగ్లీషులో, భూతద్దం పెట్టుకుంటే కనబడేంత అక్షరాల్లో. గ్లూటెన్ ఉన్న ధాన్యం కలిస్తే ప్యాకెట్ మీద చెప్పాలని 2020 లేబులింగ్ నిబంధనలు అంటున్నాయి. ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటే చాలట. నాకు పచ్చళ్లు పెట్టి పంపే మా అమ్మకు ఆ రెండూ రావు. కొట్లో విడిగా తూచి ఇచ్చే ఇంగువకైతే ఆ అక్షరాలు కూడా ఉండవు. మా వీధి పిండి మరలో గోధుమలు ఆడిన రాళ్లలోనే బియ్యమూ ఆడతారు. గ్లూటెన్ రహితం అని రాయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములు దాటకూడదన్నది నిబంధన. మర తొట్టిలో మిగిలిన పిండిని ఎవరు కొలుస్తారు?

దయచేసి వినండి. ఇంగువ మీద, ఇంగువ వేసిన పచ్చళ్ల మీద, పొడుల మీద 'గోధుమ ఉంది' అని తెలుగులో, పెద్ద అక్షరాల్లో రాయించండి. విడిగా అమ్మే కొట్లలో బోర్డు పెట్టించండి. జిల్లా ఆసుపత్రిలోనే ఈ జబ్బును కనిపెట్టే రక్త పరీక్ష, చర్మ పరీక్ష జరిగేలా చూడండి, నాలాగా ఇంకొకరు మూడేళ్లు గజ్జి మందు పూసుకోకుండా. మరీ మరీ అడుగుతున్నాను, తెలుగులో రాయించండి.

ఇవేవీ వెంటనే కావంటారా? పోయిన శ్రావణంలో తీయిస్తామన్న శాంపిళ్లు తీశారా, తీస్తే ఏం తేలింది, కనీసం ఆ ఒక్క ముక్కయినా నాకు రాయించండి.

ఇట్లు,
ఒక బడి పంతులమ్మ