ఏడో తరగతి ఇంగ్లిష్ మార్కుల గురించి

తల్లిదండ్రులకు నమస్కారం.

త్రైమాసిక పరీక్షలో ఏడో తరగతి ఇంగ్లిష్ పేపరు గురించి గేటు దగ్గరా, వాట్సాప్ గ్రూపులోనూ చాలా చర్చ జరుగుతోందని తెలిసింది. "ఒక్క మాట తప్పయితే రెండు మార్కులు తీసేస్తారా?" అని కొందరు అడిగారు. అవును. ప్రదర్శనకు వచ్చే పిల్లలు టికెట్టు కొననక్కరలేదని నోటీసు రాయమన్నాం. 'నీడ్ నాట్ బై' అనాల్సిన చోట సగం తరగతి 'మస్ట్ నాట్ బై' అని రాసింది. దానర్థం 'కొనకూడదు' అని. ఆ లెక్కన టికెట్టు కొన్నవాడిని గేటు దగ్గరే ఆపేయాలి! 'షి కెన్స్', 'కెన్ టు గో', 'కెన్ ఏబుల్ టు' అన్నవారికీ మార్కులు పోయాయి. కెన్, మే, మస్ట్ వంటి మోడల్ క్రియలకు (అసలు క్రియకు ముందు చేరి వీలు, అనుమతి, తప్పనిసరి వంటివి చెప్పే మాటలకు) 'ఎస్' చేరదు, వాటి తర్వాత 'టు' రాదు. 'ఆట్ టు' మాత్రం వేరు, అందులో 'టు' ఉండాల్సిందే. మార్కులు మారవు.

నన్ను బాధపెట్టింది వేరే సంగతి. కొనకూడదు, కొననక్కరలేదు ఒకటేనని తెలుగింటి పిల్లలెవరైనా అంటారా? రావాలి, రావచ్చు, రాలేడు, రాకూడదు, రానక్కరలేదు: ఇంగ్లిష్ వేరే మాట పెట్టి చెప్పేదాన్ని మనం క్రియ చివరనే చెప్పేస్తాం. ఇంత సొత్తు చేతిలో ఉన్న పిల్లలతో ఇంట్లో "కమ్, ఈట్, స్లీప్" అని మాట్లాడుతున్నాం. అది ఇంగ్లిషూ కాదు, తెలుగూ కాదు. బడిలో మూడు భాషల సంగతి మేము చూసుకుంటాం. ఇంట్లో దయచేసి నిండు వాక్యాలతో తెలుగు మాట్లాడండి.

కొరుక్కుపేట నుంచి వచ్చే ఒక అమ్మాయి జవాబు పక్కన ఇలా రాసింది: "'నువ్వు వెళ్లవచ్చు' అంటే అనుమతి, 'వాన రావచ్చు' అంటే అవకాశం. ఇంగ్లిష్‌లో 'మే' కూడా రెండు పనులూ చేస్తుంది." ఇది ఎవరూ చెప్పింది కాదు! ఆమె ఇంట్లో నాయనమ్మతో తెలుగే మాట్లాడుతుందట. ఇద్దరు అబ్బాయిలైతే మెట్రో స్టేషన్ బోర్డుల్లో కనిపించిన మోడల్ క్రియలన్నీ నోటు పుస్తకంలోకి ఎక్కించారు. ఆ పుస్తకం నా బల్ల మీదే ఉంది, వచ్చి చూడండి.

ఇంటిపనిలో పెద్దల చేతిరాతను మేము సులభంగా గుర్తుపడతామని కూడా సవినయంగా మనవి.

రెండో టర్మ్ ఫీజుకు ఈ నెలాఖరు గడువు. ఈశాన్య రుతుపవనాలు దగ్గరపడ్డాయి, గొడుగులిచ్చి పంపండి. వాన సెలవు ప్రకటించేది జిల్లా కలెక్టరు కాబట్టి తెల్లవారుజామున నాకు ఫోను చేసి ప్రయోజనం లేదు. తల్లిదండ్రుల సమావేశం శనివారం ఉదయం పది గంటలకు. జవాబు పత్రంతో పాటు పిల్లలనూ తీసుకురండి.

ప్రధానోపాధ్యాయురాలు, చెన్నై